మ్యాచ్ రోజు మా వీధి

ఆ ఇల్లు మేము జనవరిలో చూశాం. న్యూజిలాండ్‌లో జనవరి అంటే నడి ఎండాకాలం. వీధి చివర రగ్బీ గ్రౌండ్ ఉందన్న సంగతి ఇల్లు చూపించడానికి వచ్చిన ఏజెంటు దాచలేదు, పైగా అదొక సౌకర్యం అన్నట్టే చెప్పింది. మ్యాచ్ రోజుల్లో టికెట్ కొనకుండానే కేకలు వినొచ్చంది. మా ఆయన మొహం వెలిగిపోయింది. నేను వంటగది కిటికీ ఎటు ఉందో, ఆరేసిన బట్టల మీద ఎండ ఎంతసేపు పడుతుందో చూసుకుంటున్నాను. బయట వీధిలో ఒక్క బండి లేదు. ఒక పిల్లి రోడ్డు మధ్యలో కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. మా అమ్మాయి సైకిల్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి రోడ్డు దొరకదనుకున్నాను.

మా ఆయనా నేనూ చదువుకోవడానికని కోస్తా నుంచి వేరువేరుగా వచ్చి, ఒకే కాలేజీలో కలిసి, ఇక్కడే సెటిల్ అయిపోయినవాళ్ళం. ఆయన పాడి రైతులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాడు. నాది హాస్పిటల్ ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం. హామిల్టన్‌కి గంట దూరంలో ఉన్న ఊరు మాది. బస్సులు అంతంతమాత్రం. పాలకైనా, పనికైనా కారు తీయాల్సిందే. అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

మొదటి పెద్ద మ్యాచ్ మార్చిలో జరిగింది. ఆ శనివారం నాకు మధ్యాహ్నం షిఫ్టు. బట్టలు మార్చుకుని, డబ్బా సర్దుకుని, గ్యారేజీ తలుపు ఎత్తేసరికి మా డ్రైవ్‌వేకి అడ్డంగా తెల్ల కారు ఒకటి నిలబడి ఉంది. కొద్దిగా అడ్డం కాదు, గేటు పెట్టినట్టు ఈ చివర నుంచి ఆ చివరి దాకా. లోపల ఎవరూ లేరు. వెనక సీట్లో చిన్నపిల్లల సీటు ఒకటి, దాని మీద బిస్కెట్ ముక్కలు. పిల్లలున్నవాళ్ళు కూడా ఇలా చేస్తారా అనిపించింది. వీధి పొడుగునా చూస్తే జనవరిలో చూసిన వీధి కాదది. రెండు పక్కలా బండ్లు, ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య ఉండే గడ్డి మీద బండ్లు, రోడ్డు మధ్యలో స్కార్ఫులు కట్టుకుని, చేతుల్లో బీరు డబ్బాలు పట్టుకుని నడుస్తున్న జనం. వాళ్ళ మధ్యలోంచి పార్కింగ్ వెతుక్కుంటూ ఇంకా బండ్లు.

కౌన్సిల్‌కి ఫోన్ చేశాను. ఫోనెత్తినావిడ చాలా మర్యాదగా మాట్లాడింది.

"ఈరోజు మ్యాచ్ ఉందండీ. మా మనుషులు రావడానికి కొంచెం టైం పడుతుంది."

"మ్యాచ్ ఉందని నాకు కనపడుతూనే ఉంది. ఎంత టైం?"

"మ్యాచ్ అయ్యాక వీలవుతుందేమో."

"మ్యాచ్ అయ్యాక ఆ కారు వాడే తీసుకుపోతాడు కదా."

"అది నిజమేనండి" అంది. ఆ గొంతులో విసుగు లేదు, వెటకారం లేదు. నాకు ఒళ్ళు మండింది. కనీసం దెబ్బలాడటానికి కూడా అవతల ఎవరూ లేరు.

చివరికి పెద్ద రోడ్డు దాకా గబగబా నడిచి టాక్సీ పట్టుకున్నాను. నేను వెళ్ళేదాకా నా ముందు షిఫ్టులో ఉన్నమ్మాయి ఇంటికి వెళ్ళకుండా కూర్చుంది. నేను తిరిగి వచ్చేసరికి తెల్లకారు లేదు. మా గడ్డిలో రెండు చక్రాల గాడి, పోస్టు డబ్బా కింద పగిలిన సీసా పెంకులు ఉన్నాయి. ఇంట్లో మా ఆయన ఆ మ్యాచ్‌లో ఆఖరి నిమిషంలో ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాడు. గాజు పెంకులు ఏరుతూ విన్నాను.

ఆ సీజనంతా ఇదే తంతు. మ్యాచ్ ఉన్న వారం రాగానే నాకు ముందునుంచే తలనొప్పి మొదలయ్యేది. షిఫ్టుంటే పొద్దున్నే కారు తీసి రెండు వీధుల అవతల పెట్టుకునేదాన్ని. నా సొంత ఇంట్లో ఉంటూ నా కారును ఎక్కడో దాచుకోవడం. అడ్డంగా పెట్టొద్దని గేటు దగ్గర ఒక అట్ట రాసి పెట్టాను. దాన్ని తీసి పక్కన పెట్టి మరీ కారు పెట్టారు ఒకరు.

అయితే బండి అడ్డం రావడం కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది మా పక్కింటి లాన్.

పక్కింట్లో ఒక పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. ఒకప్పుడు పాల ట్యాంకర్లు నడిపి రిటైరయినవాడు. మోకాళ్ళ నొప్పులు. ఆడవాళ్ళందరినీ 'లవ్' అని పిలుస్తాడు. మేము చేరిన కొత్తల్లోనే కంచె మీదుగా సంచీడు ఫీజోవాలు అందించాడు. ఆ పచ్చటి పళ్ళు అప్పటికి నాకు తినడం కూడా సరిగ్గా తెలియదు. పుల్లగా ఉన్నాయని పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి నూరి ఒక సీసా ఆయనకిస్తే, రొట్టె మీద జామ్‌లా దట్టంగా రాసుకుని తిన్నాడట. రెండు రోజులు నోరు మండిందని చెప్పి, ఇంకో సీసా అడిగాడు. అలాంటి మనిషి.

మ్యాచ్ రోజు ఆయన తన ఇంటి ముందు చెక్కబోర్డు ఒకటి ఆనించి, లాన్ మీద పార్కింగ్ అమ్మేవాడు. ఆ వీధిలో సగంమంది చేసే పనే అది. బండ్లు ఫుట్‌పాత్ దాటుకుని లాన్ మీదకు ముందుకు ఎక్కుతాయి. వచ్చేటప్పుడు ఫరవాలేదు, పట్టపగలు, మెల్లగా వస్తారు. వెళ్ళేటప్పుడు మాత్రం అందరూ రివర్స్‌లో దిగాలి. ఆయన లాన్‌కీ ఫుట్‌పాత్‌కీ మధ్య మనిషి ఎత్తున గుబురు మొక్కలు కంచెలా పెంచాడు. వెనక్కి వచ్చే బండికి ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ళు కనపడరు, నడిచేవాళ్ళకి బండి కనపడదు.

ఒక మ్యాచ్ రోజు నేను ఇంట్లోంచి చూస్తుండగా, పిల్లను తోపుడు బండిలో పెట్టుకుని వెళ్తున్న ఒకావిడ ఆ కంచె దగ్గర గబుక్కున ఆగిపోయింది. కారు ఆమె ముందునుంచే వెనక్కి దూసుకుపోయింది. ఆవిడ కాసేపు అక్కడే నిలబడి, తరవాత ఏమీ జరగనట్టు నడిచి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. మర్నాడు పొద్దున వెళ్ళి పెద్దాయనకు చెప్పాను.

ఆయన టీ కప్పు పట్టుకుని మెట్ల మీద కూర్చుని అంతా విన్నాడు. "నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నాను లవ్. ఒక్కరికీ ఏమీ కాలేదు" అన్నాడు.

"నిన్న అయ్యేదే."

"కాలేదుగా మరి."

ఇంటికొచ్చి మా ఆయనతో అంటే, ఆయన ఇంకో రాగం అందుకున్నాడు.

"పెద్దాయనతో మనకెందుకు గొడవ? మంచివాడు. ఆ మాటకొస్తే మన లాన్ కూడా ఖాళీగానే ఉందిగా మ్యాచ్ రోజు."

"మన లాన్ మీద ఒక్క బండి ఎక్కిందంటే నేను ఇంట్లో ఉండను."

"అంత పెద్ద మాట ఎందుకు? మనూళ్ళో తీర్థం జరిగితే ఇంటి ముందు బండ్లు పెట్టుకోనివ్వరా ఎవరైనా?"

"మనూళ్ళో బండి రివర్స్ చేస్తుంటే వెనక నలుగురు నిలబడి రానీ, రానీ, ఆపు అని అరుస్తారు. డిక్కీ మీద చేత్తో కొడతారు. ఇక్కడ ఎవడి అద్దం వాడు చూసుకుని వచ్చేస్తాడు. ఎవరైనా అరిచారా నిన్న?"

ఆయన లాన్ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కానీ నేను అనవసరంగా గాబరాపడతానని ఆయన మనసులో ఉన్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. దేనికైనా నేను జాగ్రత్త చెబితే అమ్మాయి వైపు చూసి కన్నుగీటేవాడు. అదొకటి నాకు అరికాలి మంట నెత్తికెక్కించేది.

జూన్‌లో ఒక శనివారం. మ్యాచ్ సాయంత్రం. మా ఆయన ఆఫీసు స్నేహితులతో గ్రౌండ్‌కి వెళ్ళాడు. అదే రోజు అమ్మాయి క్లాసు పిల్ల పుట్టినరోజు, నాలుగు వీధుల అవతల. కారు తీసే ప్రశ్నే లేదు. తీస్తే తిరిగొచ్చాక పెట్టుకోవడానికి చోటుండదు. అందుకని నడిచే వెళ్ళాం. మ్యాచ్ అయిపోయి జనం రోడ్ల మీదకు రాకముందే ఇంటికి చేరిపోవాలని, కేకు కోయగానే అమ్మాయిని లాక్కొచ్చినంత పని చేశాను. అది మూతి ముడుచుకుని నడుస్తోంది. జూన్‌లో ఇక్కడ సాయంత్రం టీ వేళకే చీకటి పడిపోతుంది. సన్నగా జల్లు పడుతోంది. గ్రౌండ్ లైట్లు మా వీధి మీద పాలిపోయిన వెలుగు పరిచాయి. కేకలు మాత్రం వినపడటం లేదు. తరవాత తెలిసింది, మా ఊరి జట్టు చిత్తుగా ఓడిపోతోందట. అందుకే కొంతమంది ఆట పూర్తికాకుండానే లేచి వచ్చేస్తున్నారు.

పక్కింటి కంచె దాకా వచ్చాం. అమ్మాయి నాకు కంచె వైపు ఉంది. లోపల ఇంజన్ స్టార్ట్ అయిన చప్పుడు వినపడింది. ఎక్కడో అనుకున్నాను. అంతలోనే గుబురు మొక్కల పక్కనుంచి ఒక యూట్ వెనక భాగం వచ్చేసింది. యూట్ అంటే వెనక తొట్టి ఉండే బండి, ఇక్కడ రైతులు ఎక్కువ వాడతారు. దాని వెనక ట్రైలర్ తగిలించుకునే ఇనప కొక్కెం ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. అమ్మాయి భుజం పట్టి శక్తికొద్దీ ముందుకు తోశాను. ఆ కొక్కెం నా ఎడమకాలి పిక్క ముందు ఎముకకు తగిలింది. పడిపోయాను. కాలి లోపల కర్ర విరిగినట్టు చప్పుడైంది. నొప్పి తెలియడానికి ముందు ఆ చప్పుడే విన్నాను.

బండి ఆగింది. పాతికేళ్ళు ఉంటాయేమో, ఒక అబ్బాయి దిగాడు. ముఖానికి జట్టు రంగులు పూసుకుని ఉన్నాడు. ఆ రంగులు వానకి కారుతున్నాయి.

"నేను చూశాను. నేను చూసే వచ్చాను" అంటున్నాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ.

పక్క సీట్లోంచి ఒకమ్మాయి దిగి అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. మా అమ్మాయి తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఏడవటం లేదు. పుట్టినరోజు ఇంట్లో ఇచ్చిన బహుమతి సంచీ గట్టిగా పట్టుకుని ఉంది. "దెబ్బ తగిలిందామ్మా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. అప్పుడు నాకు నొప్పి మొదలైంది.

పెద్దాయన చెప్పులతోనే కుంటుకుంటూ వచ్చాడు. దుప్పటి తెచ్చి నా మీద కప్పాడు. పక్కన కింద కూర్చోవడానికి ఆయన మోకాళ్ళు వంగవు. అలా వంగి నిలబడి, "యూల్ బీ రైట్, లవ్. యూల్ బీ రైట్" అంటూ ఉన్నాడు. నీకేమీ కాదు, తగ్గిపోతుంది అని చెప్పడానికి ఇక్కడివాళ్ళు అనే మాట అది. నాకు ఆ స్థితిలో కూడా, రైటు నేను ఇప్పుడు కాబోయేదేమిటి, ఆ రోజు మెట్ల దగ్గర నేను చెప్పిందే రైటు కదా అనిపించింది. పళ్ళు బిగబట్టి ఉన్నాను.

మా ఆయనకు ఫోన్ చేస్తుంటే కలవడం లేదు. గ్రౌండ్‌లో అన్ని వేలమంది ఒక్కసారి ఫోన్లు పట్టుకుంటే అంతే. ఇంతలో మ్యాచ్ ముగిసింది. ఓడిపోయిన జనం రోడ్డంతా నింపుకుంటూ రావడం మొదలుపెట్టారు. అంబులెన్స్ వీధి మొదట్లోకి వచ్చి ఆగిపోయింది. ఎర్ర దీపం తిరగడం నాకు కనపడుతూనే ఉంది. హారన్ కొడుతున్నారు. జనం పక్కకు జరుగుతారు, జరిగినచోట బండి ఒకటి అడ్డం ఉంటుంది. అది తీయాలంటే దాని మనిషి రావాలి. ఆ మనిషి ఇంకా ఎక్కడో నడుస్తూ ఉంటాడు. నేను తడి నేల మీద పడుకుని, కనుచూపు మేరలో ఆగి ఉన్న అంబులెన్స్ వైపు చూస్తున్నాను. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను.

చివరికి అంబులెన్స్ వాళ్ళే దిగి స్ట్రెచర్ తోసుకుంటూ నడిచొచ్చారు. జట్టు చొక్కాలు వేసుకున్న ఇద్దరు లావుపాటి ఆడవాళ్ళు, ఎవరూ అడక్కుండానే స్ట్రెచర్ ముందు నడుస్తూ, తప్పుకోండి తప్పుకోండి అని బండబూతులతో జనాన్ని చీల్చారు. వాళ్ళెవరో నాకిప్పటికీ తెలియదు. దారిలో ఒకడు ఫోన్ ఎత్తి ఫోటో తీయబోతే, వాళ్ళలో ఒకావిడ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

స్ట్రెచర్ అంబులెన్స్ దాకా చేరేలోపు మా ఆయన ఆ జనంలోనే మాకు ఎదురొచ్చాడు. మమ్మల్ని దాటి పోయాడు కూడా. ఆ సంగతి రెండు రోజుల తరవాత హాస్పిటల్‌లో చెప్పాడు.

"ఎవరో తాగి పడిపోయినట్టున్నారు అనుకున్నాను. పక్కకు తప్పుకున్నాను. ఇంకో నాలుగడుగులు వేశాక వెనకనుంచి 'నాన్నా' అని వినపడింది."

పెద్దాయన చెయ్యి పట్టుకుని స్ట్రెచర్ వెనకే నడుస్తున్న మా అమ్మాయి పిలిచిన పిలుపు అది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. మంచం రాడ్ మీద పెయింట్ గోటితో గీకుతూ కూర్చున్నాడు.

కాలి ఎముకకు ప్లేటు వేశారు. నెలన్నర పైన కట్టు, చంకకర్రలు. పోలీసులు వచ్చి మాటలు రాసుకుని వెళ్ళారు. ఆ అబ్బాయికి జరిమానా పడిందని విన్నాను. ఒక ఆదివారం వాళ్ళమ్మను వెంటబెట్టుకుని కేకు పట్టుకుని వచ్చాడు. రంగులు లేని ముఖంతో ఇంకా చిన్నపిల్లవాడిలా ఉన్నాడు. నేను వాడిమీద పెద్దగా కోపం తెచ్చుకోలేకపోయాను. వాడు నిజంగానే అద్దంలో చూసుంటాడు. ఆ అద్దంలో కనపడేది పొద కదా.

అసలు కోపం ఆ తరవాత వచ్చింది. ఇంకో మ్యాచ్ వచ్చింది. నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, స్టూలు మీద కాలు పెట్టుకుని ఉన్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ పెద్దాయన తాపీగా బయటికొచ్చి, చెక్కబోర్డు తెచ్చి, ఎప్పుడూ పెట్టేచోటే ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు. నేను పడ్డచోటికి రెండు గజాల దూరం ఉంటుంది అది.

"వెళ్ళి మాట్లాడు" అన్నాను మా ఆయనతో.

"నేనేం మాట్లాడేది? పాపం, రోజూ వచ్చి నిన్ను చూసి వెళ్తున్నాడు. నిన్న కూడా సూప్ తెచ్చాడు."

"సూప్ ఎందుకు నాకు?"

"కొంచెం నెమ్మదిగా..."

నేను చంకకర్రలు అందుకున్నాను. అవి పట్టుకుని మెట్లు దిగడం అప్పటికి నాకింకా సరిగ్గా చేతకాదు. మా ఆయన వద్దంటూ వెనకాలే వచ్చాడు. పెద్దాయన తలుపు తీసి, నన్ను చూసి కంగారుపడి కుర్చీ లాగాడు. నేను కూర్చోలేదు.

"మళ్ళీ బోర్డు పెట్టారు."

"అది నా కారు కాదు లవ్, నిన్ను గుద్దింది."

"లాన్ మాత్రం మీదే కదా."

ఆయన తలుపు పిడి పట్టుకుని కిందికి చూశాడు. "నన్నేం చేయమంటావు?" అన్నాడు. దబాయిస్తున్నట్టు లేదు ఆ మాట. నిజంగానే అడిగాడు.

కుర్చీలో కూర్చున్నన్ని రోజులూ నేను ఆలోచించింది అదే. చెప్పాను. బండ్లను వచ్చేటప్పుడే రివర్స్‌లో ఎక్కించాలి. అప్పుడు వెలుతురుంటుంది, జనం తక్కువ. వెళ్ళేటప్పుడు ముందుకు దిగుతారు, ఎదర ఎవరున్నారో కనపడుతుంది. కంచె మొక్కలు నడుము దాకా కొట్టించాలి. మ్యాచ్ అయ్యేదాకా లాన్‌కి అడ్డంగా తాడు కట్టాలి. తాడు విప్పాక ఫుట్‌పాత్ మీద ఒక మనిషి నిలబడి, నడిచేవాళ్ళను ఆపి, బండ్లను పంపాలి.

"మనిషెక్కడ దొరుకుతాడు? నా మోకాళ్ళు నిలబడనివ్వవు."

ఆ గదిలో ఉన్నది మేము ముగ్గురమే. నేను చంకకర్రల మీద ఉన్నాను. మా ఆయన, "నేను నిలబడతాను" అన్నాడు.

నాకు నమ్మకం కలగలేదు. ఆయన చేతిలో ఆ రోజు మ్యాచ్ టికెట్ కూడా ఉంది. ఆ టికెట్ ఆఫీసు స్నేహితుడికి ఇచ్చేశాడు. మధ్యాహ్నమంతా పెద్దాయన రంపంతో కంచె కొట్టాడు. సాయంత్రం మా ఆయన తన ఆఫీసులో ఇచ్చిన మెరిసే పసుపు జాకెట్ తొడుక్కుని, టార్చి పట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు. గ్రౌండ్‌లోంచి కేక వచ్చినప్పుడల్లా తల అటు తిప్పేవాడు. కానీ చోటు కదల్లేదు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నాకు అన్నాళ్ళ కోపం ఎక్కడికీ పోలేదు గానీ, కాస్త మెత్తబడింది.

నా కాలు బాగయ్యాక నేనూ ఆ జాకెట్ వేసుకోవడం మొదలుపెట్టాను. మాకు వీలున్న మ్యాచ్‌లకు చెరొకసారి. అది సుఖమైన పనేమీ కాదు. తాడు కట్టి ఉంటే ఎత్తి దాటిపోవాలని చూసేవాళ్ళు, రివర్స్‌లో ఎక్కమంటే తల ఊపి ముందుకే ఎక్కేవాళ్ళు, కిటికీ దించి నువ్వెవరు చెప్పడానికి అనేవాళ్ళు. ఒకసారి నేను నలుగురు ముసలివాళ్ళను దాటిస్తూ ఒక బండిని ఆపాను. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడు. దగ్గరికెళ్ళి ఒక్క నిమిషం ఆగమన్నాను.

"ఇది నీ దేశం కాదు. ఎక్కడినుంచి వచ్చావో అక్కడికి పోయి చెప్పుకో" అన్నాడు.

చేతిలో టార్చి అలాగే పట్టుకుని ఉన్నాను. వెనకనుంచి పెద్దాయన గొంతు వినిపించింది. మెట్ల మీద కూర్చున్నవాడు కర్ర పట్టుకుని లేచి వచ్చాడు. జేబులోంచి నోటు తీసి ఆ కిటికీలోంచి లోపలికి పడేశాడు.

"నీ డబ్బు నువ్వు తీసుకో. ఈవిడ నా పక్కింటి మనిషి. ఇంకోసారి నా గడ్డి మీద నీ చక్రం కనపడిందంటే గాలి తీస్తాను. ఇప్పుడు ఆ పెద్దవాళ్ళు దాటేదాకా నోరు మూసుకుని కూర్చో."

వాళ్ళు దాటేదాకా వాడు కూర్చున్నాడు. పెద్దాయన ఆ రోజుకీ, ఆ తరవాత ఏ రోజుకీ నా కాలి విషయంలో సారీ చెప్పలేదు. నేనూ ఎదురుచూడటం మానేశాను.

ఆ ఏడాది చివర్లో వీధివాళ్ళందరినీ స్కూలు హాల్లోకి పిలిచి కౌన్సిల్ వాళ్ళు మీటింగ్ పెట్టారు. నేను నా కాలి కథ చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. మరుక్షణం లాన్ అమ్మేవాళ్ళు ఒకవైపు, అమ్మనివాళ్ళు ఒకవైపు అయి అరుచుకున్నారు. నాలాంటివాళ్ళు గ్రౌండ్ ఉందని తెలిసి ఎందుకు కొన్నారని ఒకాయన అడిగాడు. గ్రౌండ్ అక్కడ ఉన్నంత మాత్రాన మనుషులను గుద్దొచ్చా అని నేను అడిగాను. చప్పట్లు కొట్టినవాళ్ళు కొందరు, పెదవి విరిచినవాళ్ళు కొందరు. ఇంటికొచ్చాక మా ఆయన చాలా బాగా మాట్లాడావన్నాడు. బాగా మాట్లాడితే ఏమవుతుందని పడుకున్నాను.

తరవాతి సీజన్‌కి మ్యాచ్ రోజుల్లో మా వీధిని మూసేయడం మొదలుపెట్టారు. ఆ వీధివాళ్ళకు మాత్రం కారు అద్దానికి అంటించుకోవడానికి స్టిక్కరు ఇచ్చారు. దాంతో రోడ్డు మీద పార్కింగ్ పోయింది. మూసేలోపే వచ్చి లాన్ల మీద పెట్టేవాళ్ళు మాత్రం అలాగే ఉన్నారు. అంబులెన్స్ వస్తే దారుంటుంది. అది నిజంగా మేలే, కాదనను. కానీ వీధి మొదట్లో బండ్లను ఆపడానికి నిలబెట్టే మార్షల్స్ ప్రతిసారీ కొత్తవాళ్ళే. స్టిక్కరు చూపిస్తే రేడియోలో ఎవరినో అడుగుతారు. ఆ ఎవరో జవాబివ్వరు. నా వెనక బండ్ల వరస పెరుగుతుంది. షిఫ్టులో పొద్దున్నుంచీ నిలబడి వచ్చిన నేను, నా ఇంటి కప్పు కళ్ళకు కనపడుతుండగా, నేను ఇక్కడే ఉంటానని ఇరవయ్యేళ్ళ కుర్రాడికి నచ్చజెప్పాలి. కొన్నిసార్లు నెగ్గేదాన్ని. కొన్నిసార్లు ఓపిక లేక కారు దూరంగా పెట్టి నడిచి వచ్చేదాన్ని.

ఆ ఇంట్లో మేము ఇంకో మూడు సీజన్లు ఉన్నాం. ఆ మూడు సీజన్లలో మా పక్క ఫుట్‌పాత్ మీద ఎవరికీ దెబ్బ తగల్లేదు. అవతలి పక్క ఒకాయన కాలి మీదుగా చక్రం ఎక్కింది. ఆ ఇంటివాళ్ళు తాడు కట్టరు, మనిషిని పెట్టరు. ఎన్నిసార్లు చెప్పినా చూద్దాం అనేవారు.

ఆఖరి ఏడాది అనుకుంటా, ఒక మ్యాచ్ సాయంత్రం మార్షల్ లోపలికి పోనివ్వకపోతే కారు పెద్ద రోడ్డు పక్కన పెట్టేసి అమ్మాయీ నేనూ నడుస్తున్నాం. నేను ఆ మార్షల్‌ని తిట్టుకుంటూ నడుస్తున్నాను. ఒక ఇంటి డ్రైవ్‌వే దగ్గర అమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆపేసింది. లోపల ఒక కారు కదలడానికి సిద్ధంగా ఉంది.

"వెయిట్ మమ్. హీ హ్యాజంట్ సీన్ అస్" అంది.

చెయ్యి పైకెత్తి డ్రైవరు కళ్ళలోకి చూస్తూ నిలబడింది. ఆయన ఫోన్ మీదనుంచి తల ఎత్తి, అమ్మాయిని చూసి, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు నా చొక్కా వదిలి నడిచింది.

"ఎవరు నేర్పారు నీకు ఇది?" అని అడిగాను.

"నోబడీ" అంది, భుజాలు ఎగరేసి.

ఇలాంటివి చూసి తల్లులు పొంగిపోతారు. నాకు మాత్రం ఆ సాయంత్రం పొంగు రాలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల తన వీధిలో తాను నడవడానికి, కారులో ఉన్న పెద్దమనిషి తల ఎత్తి చూసేదాకా చెయ్యెత్తి నిలబడాలి. ఆ పెద్దమనిషి మాత్రం ఫోన్ చూసుకుంటూ కూర్చోవచ్చు. గ్రౌండ్‌లోంచి ఒక్కసారిగా పెద్ద కేక వచ్చింది. మా జట్టు ఏదో సాధించినట్టుంది. అమ్మాయి స్కోరు ఎంతో చూడమని నా ఫోన్ అడిగింది. ఇంటికెళ్ళాక చూద్దువుగాని, ముందు చూసి నడవమన్నాను.